గీత దాటిన ఆడవాళ్ళు

అది 2003 ఏప్రిల్ 21 రాత్రి. అమెరికాలో ఆరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దు మీదున్న కొలరాడో సిటీ. కరొలిన్ జెస్సప్‌కు అప్పటికి 35 ఏళ్ళు. భర్త ఊళ్ళో లేడు. చేతిలో ఉన్నది 20 డాలర్లు. వెంట తీసుకెళ్ళాల్సింది ఎనిమిది మంది పిల్లల్ని. అందులో ఒక పిల్లాడికి తీవ్రమైన జబ్బు. పెద్దకూతురు రానని మొండికేసింది. వ్యానులో పెట్రోలు అంతంతమాత్రం. తెల్లారితే ఊరంతా తెలిసిపోతుంది. సోదరుడి సాయంతో ఆ రాత్రే ఊరు దాటింది.

పద్దెనిమిదేళ్ళ వయసులో ఆమెను 50 ఏళ్ళ మనిషికి నాలుగో భార్యగా ఇచ్చారు. 15 ఏళ్ళలో ఎనిమిది కాన్పులు. నిజానికి ఆమెకు పిల్లల డాక్టరు కావాలని ఉండేది. తండ్రి ఆ మాట పట్టుకెళ్ళి తమ మతపెద్దను అడిగాడు. టీచరు చదువు చదవొచ్చు గానీ ముందు పెళ్ళి జరగాలన్నాడాయన. పెళ్ళికొడుకెవరో కూడా ఆయనే చెప్పాడు. పారిపోయిన నాలుగేళ్ళకు, 2007లో, ఇదంతా ‘ఎస్కేప్’ అనే పుస్తకంగా వచ్చింది. అంటే ‘పలాయనం’ అన్నమాట.

మగవాళ్ళ మాటే వేదవాక్కుగా నడిచే క్రైస్తవ బృందాల నుంచి బయటపడ్డ ఆడవాళ్ళు రాసిన ఇలాంటి స్వీయకథలు గత ఇరవై ఏళ్ళలో అమెరికాలో వరసగా వచ్చాయి. వాటి మీద జరిగే చర్చంతా భక్తి గురించీ, మూఢనమ్మకం గురించీ. కానీ పేజీలు తిప్పేకొద్దీ కనపడే వస్తువులు వేరు. పుట్టినతేదీ సర్టిఫికెట్. బండి నంబరు ప్లేటు. నెల జీతం. ఇంటి పట్టా. ఒక సంతకం. ఇవి ఎవరి బీరువాలో ఉంటే పెత్తనం వాళ్ళది. ఈ సంగతి సరిహద్దు జిల్లాల్లో బతికే మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, సిరొంచలో ఉన్నా, పిల్లల చదువు దగ్గర్నుంచి రేషను దాకా ఏ కాగితం ఏ రాష్ట్రానిది అన్న ప్రశ్న మనల్ని వదలదు కదా!

రెండు రాష్ట్రాల మధ్య ఊరు

కొలరాడో సిటీ, దాని పక్కనే ఉన్న హిల్డేల్ నిజానికి ఒకే ఊరు. పాత పేరు షార్ట్ క్రీక్. మధ్యలో రాష్ట్రాల గీత పోతుంది. ఇటు పక్క ఆరిజోనా, అటు పక్క యూటా. మోర్మన్ చర్చి 1890లో బహుభార్యత్వం మానుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ మాట ఒప్పుకోనివాళ్ళు కొందరు తర్వాత్తర్వాత ఇక్కడికి చేరారు. చోటు ఊరికే ఎంచుకోలేదు. యూటా పోలీసులొస్తే ఆరిజోనాలోకి, ఆరిజోనా పోలీసులొస్తే యూటాలోకి జారుకోవచ్చు. ఫండమెంటలిస్ట్ లాటర్ డే సెయింట్స్ అనే శాఖ ఈ ఊరి నుంచే పెరిగింది. వీళ్ళను మోర్మన్ చర్చి తనవాళ్ళుగా ఒప్పుకోదు. బహుభార్యత్వం పాటించేవాళ్ళను వెలివేస్తుంది కూడా.

1953 జులై 26న ఆరిజోనా గవర్నరు హోవర్డ్ పైల్ ఈ ఊరి మీదికి పోలీసు బలగాన్ని పంపాడు. 263 మంది పిల్లల్ని ప్రభుత్వం తీసుకెళ్ళింది. తల్లుల చేతుల్లోంచి పిల్లల్ని తీసుకెళ్తున్న ఫొటోలు పత్రికల్లో పడ్డాయి. జనం గవర్నరు మీద తిరగబడ్డారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. ఆ దెబ్బతో దాదాపు యాభై ఏళ్ళు ఏ అధికారీ ఆ ఊరి జోలికి గట్టిగా పోలేదు. కరొలిన్ పుట్టింది, పెరిగింది, పెళ్ళయింది ఆ యాభై ఏళ్ళ లోపలే.

గీత వల్ల లాభం ఎవరికన్నది ఎలిసా వాల్ కథలో ఇంకా తేటగా తెలుస్తుంది. 2001లో ఆమెకు 14 ఏళ్ళు. వరుసకు సోదరుడయ్యే 19 ఏళ్ళ కుర్రాడితో పెళ్ళి అన్నారు. వద్దని ఏడ్చినా వినలేదు. రాష్ట్రం దాటించి నెవాడాలోని కాలియంటే అనే ఊళ్ళో ఒక మోటెల్లో పెళ్ళి చేశారు. చేసినవాడు వారెన్ జెఫ్స్, ఆ శాఖ పెద్ద కొడుకు. మరుసటి ఏడాది తండ్రి పోయాక తానే ‘ప్రవక్త’ అయ్యాడు. ఎలిసా కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పింది. 2007లో యూటా జ్యూరీ అతన్ని దోషి అంది. 2010లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, జ్యూరీకి ఇచ్చిన సూచనల్లో లోపం ఉందంటూ ఆ తీర్పును కొట్టేసింది. చివరికి వేరే బాలికల కేసుల్లో టెక్సాస్ కోర్టు 2011లో యావజ్జీవం, దాని మీద మరో 20 ఏళ్ళు వేసింది. ఎలిసా పుస్తకం ‘స్టోలెన్ ఇన్నొసెన్స్’ 2008లోనే వచ్చేసింది. కేసు అటూ ఇటూ ఊగుతున్నా పుస్తకం మాత్రం ఉన్నచోటే ఉంది.

మన కళ్యాణపురం సంగతి

పద్నాలుగేళ్ళ పిల్లను గీత దాటించి పెళ్ళి చేయడం అంటే యానాం పెద్దలకు ఒక పాత సంగతి గుర్తుకు రావాలి. బ్రిటిష్ ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ నుంచి అమలు. ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18 నిండాలి. యానాం అప్పుడు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది కాబట్టి ఆ చట్టం ఇక్కడ చెల్లదు. ఇంకేం! కలిగిన కుటుంబాలు పిల్లల్ని తీసుకుని యానాం వచ్చి బాల్యవివాహాలు జరిపించుకుని వెళ్ళేవారు. ఊరికి కళ్యాణపురం అన్న పేరు అలా వచ్చిందే. మేళతాళాల మధ్య ఆ పేరు వినడానికి బాగానే ఉంటుంది. ఆ పందిళ్ళలో కూర్చున్న పిల్లల్లో ఎందరు తమ కథ రాసుకోగలిగారు? అక్షరాలే రాని కాలం.

మతం వేరు, దేశం వేరు, ఉపాయం మాత్రం ఒక్కటే. అందుకే ఈ పుస్తకాలను ‘వాళ్ళ గొడవ’ అని పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇల్లెవరిది, బండెవరిది

షార్ట్ క్రీక్‌లో ఎవరి ఇల్లూ వాళ్ళది కాదు. 1942లో పెట్టిన ఒక ట్రస్టు పేరున భూమి, ఇళ్ళు అన్నీ ఉండేవి. చెమటోడ్చి ఇల్లు కట్టుకున్నా పట్టా ట్రస్టుదే. పెద్దకు కోపం వస్తే కుటుంబం రోడ్డు మీదే. మగవాళ్ళను కూడా అలా వెళ్ళగొట్టి, వాళ్ళ భార్యాబిడ్డల్ని ఇంకొకరికి ‘కేటాయించిన’ సందర్భాలున్నాయి. ఇక ఆడవాళ్ళు నడిపే బళ్ళకు సరైన నంబరు ప్లేట్లు ఉండేవి కావని కరొలిన్ రాసింది. ఊళ్ళో తిరగడానికి ఇబ్బంది లేదు, ఊరు దాటితే పోలీసు ఆపుతాడు. ఆ ఊరి పోలీసులు కూడా ఆ శాఖవాళ్ళే. ఈ రెండు పురపాలక సంఘాలు బయటివాళ్ళ పట్ల వివక్ష చూపాయని 2016లో ఫెడరల్ కోర్టు జ్యూరీ తేల్చింది. తాళం వేయకుండానే తలుపు మూసే పద్ధతి ఇది.

రెబెకా మసర్ కథ ఇంకొకటి. 19 ఏళ్ళకు ఆమెను 85 ఏళ్ళ ముసలి ప్రవక్తకు ఇచ్చారు. 2002లో ఆయన పోయాక, కొడుకు ఆమెను మళ్ళీ పెళ్ళి చేసుకోమన్నాడు. ఆమె వెళ్ళిపోయింది. తర్వాత టెక్సాస్ కోర్టుల్లో సాక్ష్యం చెప్పడానికి ఎర్ర బట్టలు కట్టుకుని వెళ్ళింది. ఆ శాఖలో ఎరుపు నిషేధం. 2013లో వచ్చిన పుస్తకానికి పేరే ‘ద విట్‌నెస్ వోర్ రెడ్’. ఎర్ర చీర మనకు పెళ్ళి చీర, వాళ్ళకు తిరుగుబాటు. ఎంత తేడా చూడండి!

గొడుగు కింద

బహుభార్యత్వం ఉన్న చిన్న శాఖ కాబట్టి ఇలా జరిగిందిలే అనుకోవచ్చు. ఒకే భార్య, ఒకే భర్త, ఇంట్లో నిత్యం బైబిలు, చుట్టూ పది మంది పిల్లలు, చూడముచ్చటైన సంసారం. అలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన పుస్తకాలూ ఉన్నాయి. బిల్ గోథర్డ్ అనే బోధకుడు 1961లో మొదలుపెట్టిన సంస్థ ఇండోర్ స్టేడియాలు నిండేలా సెమినార్లు నడిపింది. ఆయన బోధలో ప్రసిద్ధమైన బొమ్మ ఒకటుంది, ఒకదాని కింద ఒకటిగా గొడుగులు. పైది క్రీస్తు, దాని కింద భర్త, దాని కింద భార్య, అడుగున పిల్లలు. పై గొడుగు కింద నుంచి జరిగితే వాన, అంటే సైతాను. పిల్లలకు బడి ఇంట్లోనే, పాఠాలు సంస్థవే. 30 మందికి పైగా స్త్రీలు వేధింపుల ఆరోపణలు చేశాక 2014లో గోథర్డ్ పదవి నుంచి తప్పుకున్నాడు.

ఆ గొడుగు కింద పెరిగిన కుటుంబాల్లో టీవీ వల్ల అందరికీ తెలిసింది డగ్గర్ల ఇల్లు. పందొమ్మిది మంది సంతానం. 2008 నుంచి 2015 దాకా వాళ్ళ సంసారమే ఒక టీవీ కార్యక్రమం. ఆ ఇంటి కూతురు జిల్ 2023లో ‘కౌంటింగ్ ద కాస్ట్’ రాసింది. అందులో నన్ను ఆపింది ఒక మామూలు సంఘటన. 2014లో పెళ్ళికి ముందు రోజు. ఇంటి నిండా హడావుడి. తండ్రి ఒక కాగితం పెట్టి సంతకం చేయమన్నాడు. చేసింది. నాన్న అడిగితే చదివి చూస్తామా? టీవీ షూటింగులకు కొన్నేళ్ళ పాటు కట్టుబడే ఒప్పందం అదని తర్వాత తెలిసింది. పెళ్ళి, కాన్పు అన్నీ కెమెరా ముందే. డబ్బు మాత్రం తండ్రి చేతికి. లెక్కలు అడిగిన రోజు నుంచి ఆమె ఎదురు తిరిగిన బిడ్డ అయిపోయింది. ఎవరూ కొట్టలేదు, గదిలో పెట్టి తాళం వేయలేదు. ఇంతా చేసి ఒక్క సంతకం!

టియా లెవింగ్స్ ఇంట్లో మాత్రం దెబ్బలూ ఉన్నాయి. భార్యను దిద్దుకోవడం భర్త ధర్మం అన్న బోధ ఎంత దాకా పోతుందో ఆమె దాచకుండా రాసింది. 2007లో పిల్లల్ని తీసుకుని బయటపడింది. పుస్తకం ‘ఎ వెల్ ట్రెయిన్డ్ వైఫ్’ వచ్చింది 2024లో. మధ్యలో 17 ఏళ్ళు. బయటికి రావడానికి ఒక రాత్రి చాలు, చెప్పుకోవడానికి అన్నేళ్ళు పట్టింది.

తొమ్మిదేళ్ళకు పుట్టిన పిల్ల

కాగితం మాట వస్తే టారా వెస్టోవర్‌ను మించినవాళ్ళు లేరు. ఆమె పుట్టింది 1986లో, ఐడహో కొండల్లో, ఇంట్లోనే. ప్రభుత్వం మీద, ఆసుపత్రి మీద, బడి మీద తండ్రికి నమ్మకం లేదు. లోకాంతం దగ్గర పడిందని తిండిగింజలు, పెట్రోలు దాచేవాడు. టారాకు పుట్టినతేదీ సర్టిఫికెట్ వచ్చింది తొమ్మిదేళ్ళ వయసులో. అందులో ఏ తేదీ వేయాలో ఇంట్లోవాళ్ళకే ఏకాభిప్రాయం లేదు. అంటే తొమ్మిదేళ్ళు ఆ పిల్ల ప్రభుత్వం లెక్కలో లేనే లేదు. పాత ఇనుము పోగేసే తండ్రి దగ్గర పని చేస్తూ, సొంతంగా చదువుకుని, కాలేజీ ప్రవేశ పరీక్ష రాసి 17వ ఏట మొదటిసారి తరగతి గదిలో కూర్చుంది. హోలోకాస్ట్ అనే మాట అక్కడే మొదటిసారి వింది. 2014లో కేంబ్రిడ్జిలో చరిత్రలో పీహెచ్‌డీ. 2018లో ‘ఎడ్యుకేటెడ్’. తన పుస్తకం మోర్మన్ మతం గురించి కాదని ఆమే మొదట్లో రాసుకుంది. ఆ మాట గౌరవించాలి.

ఇది ఒక్క ఐడహో గొడవే కాదు. 2015లో టెక్సాస్‌లో ఒక అమ్మాయి తాను పుట్టినట్టు రుజువు చేసుకోలేకపోతున్నానని ఇంటర్నెట్లో వీడియో పెట్టింది. ఆ ఏడాదే అక్కడి శాసనసభ అలాంటి పిల్లలకు దారి చూపే చట్టం చేసింది. పుట్టినతేదీ సర్టిఫికెట్ లేకపోతే డ్రైవింగు లైసెన్సు లేదు, ఉద్యోగం లేదు, బ్యాంకు ఖాతా లేదు. పారిపోయినా ఎక్కడికి పోతారు?

పక్క రాష్ట్రంలో కారు కథ

అంత దూరం ఎందుకు, కేరళలో చూడండి. అక్కడ సంసారాలు కాదు, కాన్వెంట్లు. ఇష్టపడి వ్రతం పట్టినవాళ్ళు. కాబట్టి రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. అయినా కాగితం, డబ్బు దగ్గరికి వచ్చేసరికి పోలికలు కనపడతాయి. సిస్టర్ జెస్మి త్రిసూర్‌లోని సెయింట్ మేరీస్ కాలేజీకి ప్రిన్సిపాలు. ఇంగ్లీషులో డాక్టరేటు. 33 ఏళ్ళ సన్యాసినీ జీవితం తర్వాత 2008లో తన సభను వదిలేసింది. 2009లో ‘ఆమెన్’ అనే స్వీయకథ రాసింది. సభను వదిలింది గానీ యేసును వదల్లేదని ఆమె పదే పదే చెప్పింది.

సిస్టర్ లూసీ కలప్పురది పదేళ్ళ తర్వాతి గొడవ. వయనాడ్‌లో బడి టీచరు. 2018లో ఒక బిషప్‌పై అత్యాచార ఆరోపణ చేసిన సన్యాసినికి మద్దతుగా కొచ్చిలో జరిగిన దీక్షలో కూర్చుంది. ఆ బిషప్‌ను 2022లో కొట్టాయం కోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. లూసీని మాత్రం 2019 ఆగస్టులోనే సభ నుంచి తీసేశారు. ఏమిటా నేరాలు? డ్రైవింగు లైసెన్సు తీసుకోవడం, కారు కొనడం, అనుమతి లేకుండా కవితల పుస్తకం అచ్చేయడం, జీతం సభకు ఇవ్వకపోవడం. పేదరికపు వ్రతం, విధేయతా వ్రతం తప్పిందన్నది సభ వాదన. వ్రతం పట్టినప్పుడు ఆ షరతులు తెలిసే పట్టింది కదా అని అడిగేవాళ్ళున్నారు, ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. వాటికన్‌కు పెట్టుకున్న అప్పీళ్ళు ఫలించలేదు. అదే ఏడాది డిసెంబరులో మలయాళంలో ‘కర్తావింటె నామత్తిల్’ వచ్చింది. ‘ప్రభువు నామములో’ అని అర్థం. కొలరాడో సిటీలో నంబరు ప్లేటు, వయనాడ్‌లో లైసెన్సు. ఆడమనిషి చేతిలో స్టీరింగు అంటే పెద్దలకు ఎందుకో అంత గుబులు!

అన్నీ ఉన్నా కదలనివ్వనిది

ఇంతవరకూ చెప్పింది ఒక మనిషి దగ్గర తప్పుతుంది. మేగన్ ఫెల్ప్స్ రోపర్. కాన్సస్ రాష్ట్రంలో వెస్ట్‌బరో బాప్టిస్టు చర్చి అని ఒకటుంది. సైనికుల అంత్యక్రియల దగ్గర కూడా ద్వేషపు అట్టలు పట్టుకుని నిలబడేవాళ్ళు. ఆ చర్చి స్థాపకుడు ఆమె తాత. ఇంటినిండా లాయర్లు. ఆమెకు చదువుంది, బండి ఉంది, లైసెన్సు ఉంది, చేతిలో ఫోనుంది. ఆ ఫోనులోనే ట్విటర్‌లో బయటివాళ్ళతో వాదిస్తూ వాదిస్తూ తన వాదనలోనే లొసుగు కనిపెట్టింది. 2012 నవంబరులో చెల్లెలితో కలిసి వెళ్ళిపోయింది. 2019లో ‘అన్‌ఫాలో’ రాసింది. అన్ని కాగితాలూ ఉన్న మనిషిని అంతకాలం ఆపింది ఏమిటంటే అమ్మ, నాన్న, తోబుట్టువులు. తలుపు దాటితే వాళ్ళు ఇక లేనట్టే. వెలి అంటే ఏమిటో మన ఊళ్ళకు తెలుసు.

కరొలిన్‌కు కోర్టు ఎనిమిది మంది పిల్లల్నీ అప్పగించింది. ఆ శాఖతో పోరాడి పిల్లలందరినీ దక్కించుకున్న మొదటి తల్లి ఆమే. అయితే ఆ రాత్రి రానన్న పెద్దకూతురు 18 నిండిన రెండు రోజులకే వెనక్కి వెళ్ళిపోయింది. ‘ఎస్కేప్’ అచ్చయిన ఏడాదే అది. మేజరు అయిన పిల్లను ఏ చట్టం ఆపుతుంది?

అందుకే ఈ పుస్తకాలను ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో కొంచెం ఆచితూచి చదవాలి. చాలావాటికి సహరచయితలు ఉన్నారు. పెద్ద ప్రచురణకర్తలు ఉన్నారు. ‘తప్పించుకున్న ఆడది’ అనే కథకు అమెరికాలో మంచి గిరాకీ ఉంది. ఉండిపోయినవాళ్ళ మాట వినపడదు. టారా వెస్టోవర్ తల్లి 2020లో ‘ఎడ్యుకేటింగ్’ అని తన వైపు కథ తనే రాసింది. టారా కూడా అన్నదమ్ముల జ్ఞాపకం తన జ్ఞాపకంతో ఎక్కడ కలవడం లేదో పేజీ అడుగున వేసుకుంటూ పోయింది. అలా వేయడం వల్లే ఆమె మాట మీద నాకు నమ్మకం పెరిగింది.

ఇంకొకటి. వీళ్ళంతా దేవుణ్ణి తిట్టి బయటికి వచ్చారనుకుంటే పొరపాటు. జిల్ చెల్లెలు జింజర్ 2023లోనే ఒక పుస్తకం రాసింది. గోథర్డ్ బోధ తప్పంది, క్రీస్తు మీద విశ్వాసం మాత్రం అలాగే ఉందంది. చిక్కుపడ్డ దారాన్ని విడదీసుకున్నట్టు బోధకుణ్ణీ దేవుణ్ణీ వేరుచేసుకుంది. జిల్ కూడా విశ్వాసిగానే ఉంది. మన పల్లెల్లో ఆదివారం చర్చికి వెళ్ళే ఆడవాళ్ళు ఈ పుస్తకాలు చదివితే, తమ మతాన్ని తిట్టిన పుస్తకం అనుకోరనే నా నమ్మకం.

షార్ట్ క్రీక్ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఆ ట్రస్టును యూటా కోర్టు 2005లో తన అజమాయిషీలోకి తీసుకుంది. తర్వాత ఇళ్ళు ఒక్కొక్కటిగా మనుషుల పేర్లకు మారాయి. వెళ్ళిపోయినవాళ్ళు కొందరు తిరిగొచ్చి తాము పుట్టిన ఇళ్ళనే పట్టాతో సహా తీసుకున్నారు. ప్రవక్త జైలు నుంచి వస్తే ఉండడానికని కట్టిన పెద్ద భవనం కొన్నాళ్ళు దారిన పోయేవాళ్ళకు గదులు అద్దెకిచ్చే సత్రమైంది. 2017 నవంబరు ఎన్నికల్లో హిల్డేల్‌కు మొట్టమొదటి మహిళా మేయరుగా డోనియా జెస్సప్ గెలిచింది. ఆమె కూడా ఒకప్పుడు ఆ శాఖను వదిలి వెళ్ళినామే. ఆమె ప్రమాణం చేశాక పురపాలక సంఘంలో కొందరు పాత ఉద్యోగులు రాజీనామా చేసి వెళ్ళిపోయారు, ఆడదాని కింద పనిచేయడం తమ మతానికి ఒప్పదట.